కోవ్ రోడ్డులో కాఫీ

"రెండు గంటలే టైముంది," అన్నాడు చీఫ్ ఫోన్లో. "స్టోవర్ హార్బర్ టౌన్ ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. ఆర్లో బీల్ తెచ్చిన సంతకాల కట్టలో దొంగ కాగితాలున్నాయి. స్టాంపు పడకముందే పట్టుకో."

"అక్కడ మనవాళ్లెవరు?"

"మార్గో వేన్. దొంగ కాగితాలు కలిపిన లాంతరు ముఠాలో మన మనిషి. కళ్లు మూసుకుని నమ్ము."

ఏజెంట్ లూసియెన్ ఒలెట్ ఫోన్ పెట్టేశాడు. ఇరవై ఏళ్లుగా విదేశీ ముఠాల వెంట తిరుగుతున్నాడు గానీ ఇంత రోత పని చూడలేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ముగ్గురు పోటీ చేస్తే మూడో వంతు ఓట్లు తెచ్చుకున్నవాడు గవర్నరైపోతున్నాడు. అందుకే రాష్ట్ర ఎన్నికలకు ర్యాంకుల ఓటు కావాలని జనం సంతకాలు సేకరిస్తున్నారు. ఓటరు ఒకటి, రెండు, మూడు అని ఇష్టం వరుసగా రాస్తాడు. ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగువాణ్ణి తీసేసి, వాడి ఓట్లు రెండో ఇష్టానికి కలుపుతారు.

డమ్మీలను నిలబెట్టి ఓట్లు చీల్చి బతికే లాంతరు ముఠాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. దొంగ సంతకాలు కలిపి, స్టాంపు పడ్డాక పత్రికలకెక్కించాలన్నది వాళ్ల ప్లాను. అప్పుడు ఉద్యమం పరువు పోతుంది. సంతకాలన్నీ తన కళ్లెదుటే పెట్టారని ప్రమాణం చేసిన ఆర్లో జైలుకు పోతాడు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు.

జిరాక్స్ మెషీన్ మెకానిక్ వేషంలో లూసియెన్ ఆఫీసులోకి వెళ్లాడు. ఎర్ర కోటు వేసుకున్న అందగత్తె ఒకామె పక్కకొచ్చింది.

"ఈ ఏడు మంచు తొందరగా పడింది."

"కరగడానికి తొందర లేదు," అన్నాడు. కోడ్ కలిసింది. ఆమే మార్గో. ఊళ్లో ఉద్యమ కార్యకర్తగా నటిస్తోంది.

కౌంటర్ వెనక క్లర్కు హెస్టర్ స్ప్రేగ్ ప్రతి పేరూ ఓటర్ల లిస్టుతో సరిచూస్తోంది. లూసియెన్ జేబులోని స్కానర్ పెన్ను కాగితాల మీదుగా పోనిచ్చాడు. దొంగ సంతకమైతే ఎర్రలైటు వెలగాలి. అన్నిటికీ పచ్చలైటే వెలిగింది.

"చూశావుగా, అంతా క్లీన్," అని మార్గో గుసగుసలాడింది.

నాలుగూ నలభై అయింది.

"లేలాండ్ క్రౌలీ, కోవ్ రోడ్డు, సంతకం తేదీ జనవరి పదిహేను. లిస్టులో ఉన్నాడు," అని టిక్కు పెట్టింది హెస్టర్.

లాబ్‌స్టర్లు పట్టే పడవ మీంచి నేరుగా వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డ ఆర్లో తల గోక్కున్నాడు. "లేలాండా? చెత్త డంపు దగ్గరికి రాలేదే! శనివారం శనివారం ఊరంతా చెత్త పడేయడానికి అక్కడికొస్తే, వేళ్లు కొంకర్లుపోయేలా నిలబడి పట్టిన సంతకాలు నావి."

"నోర్మూసుకో ఆర్లో, లెక్క తప్పుతా," అంది హెస్టర్.

"డంపు దగ్గర కాదు తాతగారూ," అంది మార్గో ముద్దుగా. "మనిద్దరం వాళ్లింటికి వెళ్లాం. మర్చిపోయారా? క్రౌలీ గారు కాఫీ కూడా పెట్టారు. మీరు రెండు కప్పులు తాగారు."

ముసలాయన ముఖం కందిపోయింది. తన మతి మీద తనకే అనుమానమొచ్చి కౌంటర్ పట్టుకున్నాడు.  ఆమె తుపాకీ ఎక్కుపెట్టినా లూసియెన్‌కు ఇంత అసహ్యం వేసేది కాదు.

"కాఫీయా?" అన్నాడు ఆర్లో మెల్లగా. "లేలాండ్ అక్టోబర్లోనే ఫ్లోరిడా పోయాడు. చలికి గడ్డకట్టి పైపులు పగలకుండా నీళ్లన్నీ వంపేసింది నేనే. ఏటా నేనే వంపుతా. ఆ ఇంట్లో చుక్క నీళ్లు లేవమ్మాయ్, కాఫీ దేంతో పెట్టాడు?"

హెస్టర్ కళ్లజోడు తీసింది. "లిస్టు చూసి పేర్లెక్కించావా తల్లీ? చలికాలంలో ఊళ్లో ఎవరుంటారో లిస్టులో రాయరు!"

మార్గో చేతిలో లిప్‌స్టిక్ మెరిసింది. దాని కొసన విషపు సూది ఉంది. "స్టాంపు వెయ్యి ముసలీ," అంది హెస్టర్ మెడకు ఆనిస్తూ. ఆర్లో తన చేతి తొడుగు తీసి మార్గో ముఖాన కొట్టాడు. ఆ తొడుగుకు వారం రోజుల ఎర చేపల కుళ్లు పట్టి ఉంది. మార్గో ఓకరిస్తూ వంగింది. లూసియెన్ బేడీలు వేశాడు.

ఆర్లో తనవి కావన్న దొంగ కాగితాలు మూడు హెస్టర్ ఏరి పక్కన పెట్టి, మిగతావాటి మీద స్టాంపు వేసింది. గడియారంలో ఐదుకు ఒక్క నిమిషం ఉంది.

"స్కానర్ ఎలా పనిచేసింది?" అని చీఫ్ ఫోన్ చేశాడు.

"పచ్చలైటు బ్రహ్మాండంగా వెలిగింది సార్. రిపోర్టులో నాకు రోత పుట్టించినవి ర్యాంకుల వారీగా రాస్తున్నా. ఒకటి, కళ్లు మూసుకుని నమ్మమన్న మన ఆఫీసు. రెండు, మార్గో. మూడు, ఆర్లో తొడుగు."

"మూడోది ఎందుకయ్యా మధ్యలో?"

"అదొక్కటే సార్, కడిగితే పోయేది."