ఎవరి గిన్నె వారిది

భోజనానికి పిలిచి మనిషిని పోగొట్టుకోవడం ఎంత సులువో వెన్నెలకు ఆ ఆదివారం తెలిసొచ్చింది.

పొద్దుట్నుంచీ ఒకటే ముసురు. ముప్పాళ్ళ చుట్టుపక్కల మిరప చేలన్నిట్లో నీళ్లు నిలిచాయి. చేను చూడ్డానికి వచ్చిన వ్యవసాయ అధికారి కరుణాకర్‌ని వెన్నెల తండ్రి శేషగిరిరావే ఆపాడు. "ఈ వానలో ఎక్కడికి పోతారు ఆఫీసరు గారూ? నాలుగు మెతుకులు తిని పోదురు."

ఆ మాట కోసం వెన్నెల ఏడాదిగా కాచుకుని ఉంది. ఇంటినుంచే ఉద్యోగం చేసుకునే ఆ పిల్లకు చేనుగట్టు మీద ఆఫీసరు గారితో మొదట పేచీ, తర్వాత స్నేహం, ఆ తర్వాత ఇంకేమిటో మీకు తెలియంది కాదు. ఇంట్లోవాళ్లకు మాత్రం తెలియదు.

"కూరేంది?" కాళ్లు కడుక్కుంటూ గుసగుసగా అడిగాడు కరుణాకర్.

"గోంగూర. కారం ఎక్కువే. ఏడవకుండా తినాలి."

"నిన్ను చేసుకున్నాక ఏడుపు ఎట్టాగూ తప్పదుగా. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటా."

నవ్వాపుకుంటూ లోపలికి పరిగెత్తింది. అలమరలోంచి రెండు పింగాణీ గిన్నెలు తీసింది. కంపెనీ ట్రైనింగుకని జపాన్ వెళ్లినప్పుడు కొన్నవి. తెల్లటి పింగాణీ మీద కుంచెతో వేసిన పూలు. పెద్దదాని మీద నీలం, చిన్నదాని మీద ఎరుపు. ఒక పువ్వుకు రేకు కాస్త వంకరగా ఉంటుంది, ఎవరో చేత్తో వేశారని అది చూస్తేనే తెలుస్తుంది. ఇవి షోకేసులో పెట్టేవి కావని, అక్కడ ఇంట్లో ఎవరి గిన్నె వాళ్లకుంటుందని, రోజూ అందులోనే తింటారని, ఈ జత మొగుడూ పెళ్లాలదని కొట్లో ముసలమ్మ నవ్వుతూ చెప్పింది. మన తిండికి అది బొత్తిగా చిన్న గిన్నె. చిన్నదైతే మాటిమాటికీ వడ్డించడానికి వెళ్లొచ్చని వెన్నెల లోపలి లెక్క.

"నాయనమ్మా, ఆయనకు ఇందులో పెట్టనా?"

"పెట్టు తల్లీ. అదే మంచిది," అంది సుబ్బరత్నం.

కరుణాకర్ ఊరూ పేరూ, తండ్రి పేరూ, ఆ తండ్రి ఏం చేసేవాడో కూడా ఆవిడ ఎప్పుడో ఆరా తీసింది. ఉప్పుకూ పప్పుకూ వంకపెట్టే మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని వెన్నెల అనుమానపడాల్సింది. ప్రేమలో ఉన్నవాళ్లకు రావలసిన చోట అనుమానాలు రావు.

ఆ ఇంట్లో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తింటారు. అందుకని ఎర్ర గిన్నె వంటింట్లోనే ఉండిపోయింది. నీలం గిన్నె ఒక్కటే వసారాలోకి వెళ్లింది.

కరుణాకర్ గిన్నె వంక చూశాడు. శేషగిరిరావు ముందున్న స్టీలు కంచం వంక చూశాడు. రెండు ముద్దలు మింగలేక మింగి, "కడుపులో బాగాలేదండీ" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. గొడుగు కూడా అడక్కుండా వానలోకి వెళ్లిపోయాడు.

నాయనమ్మ ఆ గిన్నెను పెరటి కుళాయి దగ్గర కడిగించి, "ఇది బయటే ఉండనీ. ఇంకోసారి వస్తే పనికొచ్చిద్ది," అంది.

వెన్నెల వెంటనే అతనికి ఫోన్ చేసింది.

ఆ వారమంతా అతను ఫోనెత్తలేదు. ఎత్తిన రోజు వెన్నెల కోపంగానే మొదలుపెట్టింది. "ఏందయ్యా నీ సంగతి? అలిగితే చెప్పి అలగాలి!"

"మా నాన్న మీబోటి వాళ్ల చేలల్లోనే పనికి పోయేవాడు. ఆయనకి టీ పొయ్యడానికి చూరులో ఒక పింగాణీ కప్పుండేది. తాగి, కడిగి, మళ్లా చూరులో పెట్టి రావాలి. నేను చదివిందే ఆ కప్పు తప్పించుకోటానికి వెన్నెలా. నువ్వు దానిమీద పూలేయించి మరీ పెట్టావు."

"అది జత. చిన్నది నాది. జపాన్‌లో సొంత గిన్నె ఉందంటే ఆ ఇంటి మనిషని."

"ఇక్కడ సొంత గిన్నె ఉందంటే ఆ ఇంటి మనిషి కాదని. మీ నాయనమ్మకి ఏది తెలుసు?"

అనంతపురానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నానని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు. అతని మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు.

తెల్లారాక వెన్నెల తయారై వసారాలోకి వచ్చింది. "గురజాల పోతన్నా. కరుణాకర్ వాళ్లింట్లో అన్నం తిని వస్తా. అతన్నే చేసుకుంటా."

"అక్కడ తిని వచ్చావంటే నీకూ పింగాణీయే! ఈ వసారాలోనే!" అని అరిచింది నాయనమ్మ.

శేషగిరిరావు పేపరు దించలేదు. కూతురు గడప దాటుతుంటే మాత్రం, "ముసురు పట్టింది. గొడుగు తీసుకుపో," అన్నాడు.

గొడుగున్నా గురజాలలో దిగేసరికి తడిసి ముద్దయింది. తలుపు తీసిన కరుణాకర్ తల్లి ఫిలోమినా కంగారుపడింది. "ఎవరమ్మా?"

"ముప్పాళ్ళ వెన్నెలను అత్తా. చానా ఆకలేస్తంది."

ఆ పేరు కొడుకు నోట వింటూనే ఉన్న మనిషి. ఇంకేమీ అడక్కుండా తువ్వాలుతో తల తుడిచి, స్టీలు కంచంలో వేడన్నం, దోసకాయ పప్పు పెట్టింది. వెన్నెల తింటుండగానే కరుణాకర్ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇంట్లో తెలుసా?"

"చెప్పే వచ్చా."

"మీ నాయనమ్మ ఏమంది?"

"ఇక్కడ తింటే నాకూ వసారాలో పింగాణీయే అంది. ఆమెకెందుకు శ్రమని ఎర్ర గిన్నె నేనే పట్టుకెళ్లి నీ గిన్నె పక్కన పెట్టి వచ్చా."

"పిచ్చిదానా, ఏం చేశావే?"

"నిన్ను కూర్చోబెట్టలేని చోట నాకు మాత్రం అన్నం ఎట్టా దిగుద్ది?" ఆమె కళ్లలో నీళ్లు పప్పులో పడుతున్నాయి. "అనంతపురం పోతే పో. నేనూ వస్తా."

కరుణాకర్ తడి చెప్పులు విడిచి ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. ఫిలోమినా లోపలికెళ్లి కొడుకు కోసం ఇంకో కంచం తీసింది.

"వేరే కంచం వద్దమ్మా," అంటూ అతను వెన్నెల కంచంలో చెయ్యి పెట్టాడు.