సగం లెక్క

మధ్యాహ్నం సైన్స్ ల్యాబ్ సంతలా ఉంది. మర్నాడే స్కూల్లో ఎగ్జిబిషన్. బల్లల నిండా వైర్లు, అట్టముక్కలు, కత్తెరలు.

కిటికీ పక్క బల్ల మీద ఒక తెల్లటి లైట్‌హౌస్ నిలబడి ఉంది. దాన్ని చేసిన అమ్మాయిని క్లాసులో అందరూ గమ్ము అంటారు. ఆమె చేతులకు ఎప్పుడూ గమ్ము అంటుకునే ఉంటుంది. పైగా ఎప్పుడూ గమ్మున ఉంటుంది. రెండిటికీ కలిపి ఒకే పేరు సరిపోయింది.

లైట్‌హౌస్ లోపల మెలికలు తిరిగే మెట్లున్నాయి. పైన చిన్న గది, దానికి పల్చటి కాగితపు కిటికీలు. ఆ గదిలో బల్బు వెలిగించే పని ఆమె జట్టులోని అబ్బాయిది. అతని పేరు క్యాలి. క్యాలిక్యులేటర్‌కి ముద్దుపేరు. టీచర్ లెక్క చెప్పడం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు మరి.

"బ్యాటరీ పన్నెండు వోల్టులు. బల్బుకి ఆరు చాలు," అన్నాడు క్యాలి. "మిగతా ఆరు వోల్టుల్ని, కరెంటుని అడ్డుకునే రెసిస్టర్ చూసుకోవాలి. కరెంటు అర ఆంపియర్. ఆరుని అరతో భాగిస్తే పన్నెండు. పన్నెండు ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సరి!"

డబ్బాలోంచి ఒక రెసిస్టర్ తీశాడు. అది చిటికెన వేలి గోరు కన్నా చిన్నది.

"ఇంత చిన్నది తట్టుకుంటుందా?" అంది గమ్ము. "ఒక్కసారి టీచర్‌ని అడుగుదాం."

"లెక్క వేశాక ఇంకా డౌటేంటి? పన్నెండంటే పన్నెండే."

క్యాలి దాన్ని పైగదిలో బల్బు పక్కనే బిగించి స్విచ్ వేశాడు. కిటికీలు పసుపురంగులో మెరిశాయి. పక్క బల్లల వాళ్లు మూగారు.

"అబ్బ! ఎంత బాగుందిరా!"

క్యాలి ఉబ్బిపోయాడు. గమ్ము మాత్రం ముక్కు ఎగబీల్చింది.

"ఏదో వాసన వస్తోంది. ఆపుతాను."

స్విచ్ దగ్గరికి వెళ్లిన ఆమె చేతిని క్యాలి పక్కకు నెట్టేశాడు. "ఉండవే బాబూ! అందరూ చూస్తుంటే ఆపుతానంటావేంటి?"

అంతలోనే సన్నటి పొగ లేచింది. ఒక కిటికీ కాగితం ముడుచుకుపోయింది. పైకప్పు గోధుమరంగుకి మారి, చూస్తుండగానే నల్లగా చిల్లు పడింది.

టీచర్ గబగబా వచ్చి బ్యాటరీ వైరు పీకేశారు. పొగ ఆగింది. మూగినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

"లెక్క తప్పలేదు టీచర్," అన్నాడు క్యాలి. "మళ్లీ వేసినా పన్నెండే వస్తోంది."

"తప్పు కాదు, సగం," అన్నారు టీచర్. "రెసిస్టెన్స్ చూశావు. పవర్ సంగతేంటి? రెసిస్టర్ కరెంటుని ఊరికే అడ్డుకోదు. వేడెక్కుతుంది. ఎంత వేడో చెప్పేదే పవర్. వోల్టుల్ని ఆంపియర్లతో గుణించు."

"ఆరు ఇంటూ అర. మూడు వాట్లు."

"నువ్వు పెట్టింది పావు వాటు మోసేది. దాని నెత్తిన పన్నెండు రెట్ల బరువు పెట్టావు."

క్యాలి తలవంచుకున్నాడు. గమ్ము కాలిన ముక్కల్ని ఏరి ఒక పక్కన పెట్టుకుంటోంది. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

బడి వదిలాక ఇద్దరూ ఉండిపోయారు. కొత్త పైకప్పు కోస్తానని కత్తెర అందుకున్నాడు క్యాలి. తొందరలో వంకరగా కోశాడు. రెండోది కూడా వంకరే.

"కత్తెర నాకిచ్చి, నువ్వు పైగదికి అంటించిన ఈ గోడ పట్టుకో," అంది గమ్ము.

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

పట్టుకున్నాడు. రెండుసార్లు వదలబోయి ఆగాడు. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఎదురుగా గమ్ము కిటికీ కాగితాన్ని కొలిచి, మళ్లీ కొలిచి, అప్పుడు కోస్తోంది. ఈ లైట్‌హౌస్‌కి ఎంత ఓపిక పట్టిందో అతనికి మొదటిసారి తెలిసింది.

టీచర్ ఒక తెల్లటి రెసిస్టర్ ఇచ్చారు. బుల్లి ఇటుకలా ఉంది. పన్నెండు ఓమ్‌లదే, కానీ ఐదు వాట్లు మోయగలదు.

"మూడు వాట్లే కాబట్టి కాలిపోదు. కానీ వేడి మాత్రం ఎక్కుతుంది," అన్నాడు క్యాలి. తర్వాత గమ్ము వైపు చూశాడు. "ఎక్కడ పెడదామంటావు?"

గమ్ము లైట్‌హౌస్ చుట్టూ తిరిగి చూసింది. క్యాలి తొందరపెట్టలేదు.

"అట్టకి దూరంగా, బయట. కింద రేకుముక్క వేద్దాం."

మర్నాడు లైట్‌హౌస్ చక్కగా వెలిగింది. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని వంగింది.

"ఇంత ముచ్చటగా కట్టి, ఈ తెల్లముక్కని బయట పడేశారేంటి పిల్లలూ?"

జవాబు క్యాలి నాలుక చివరే ఉంది. కానీ అతను ఒక అడుగు వెనక్కి వేసి గమ్ముకి చోటిచ్చాడు.

గమ్ము గొంతు సవరించుకుంది. "అది వేడెక్కుతుందండీ. నిన్న చిన్నది లోపల పెట్టాం. పైకప్పు కాలిపోయింది."

"పెట్టాం కాదండీ," అన్నాడు క్యాలి. చెవులు వేడెక్కుతున్నా ఆగలేదు. "నేను పెట్టాను. తను ఆపబోతే చెయ్యి నెట్టేశాను."