చీకట్లో తొడిగిన గౌను

మధ్యాహ్నం మూడున్నర. పొద్దుట్నుంచీ వాన ఒకే ఊపున కురుస్తోంది.

థియేటర్ వెనక గుమ్మం దగ్గర గొడుగు దులుపుకుంటున్న తల్లిని, కూతురు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఆ పిల్ల అక్కడ దుస్తుల విభాగంలో ఇంటర్న్. తనతో పనిచేసే అమ్మాయి వానలో ఇరుక్కుపోయింది. ఇవాళ్టి ఆటలో దుస్తుల మార్పు సవ్యంగా జరిగితేనే ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు సూపర్‌వైజరు. తల్లి ఇంట్లో కుట్టుపని చేస్తుంది. అందుకే పిలిచింది.

"నోరు మూసుకుని వెనక హుక్కులు పెట్టాలి. చెయ్యగలవా అమ్మా?"

"హుక్కులు పెట్టగలనే. నోరు మూసుకోవడమే కష్టం."

పని చిన్నదే. రంగం మారేటప్పుడు దీపాలన్నీ ఆరిపోతాయి. హీరోయిన్ తెర పక్కకి వస్తుంది. పిల్ల ఎదురుగా గౌను పట్టుకుంటే ఆవిడ చేతులు దూరుస్తుంది. తల్లి వెనక హుక్కులు పెట్టి భుజం తట్టాలి. సంగీతం ఆగేలోపు ఆవిడ మళ్ళీ వేదిక మీద ఉండాలి. లైటు వెయ్యకూడదు. మాట్లాడకూడదు.

దీపాలు ఆరాయి.

కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి. జిగురు వాసన, పాత చెక్క వాసన. గౌను గరగరలాడింది. ఎవరో చేతులు దూర్చారు. తల్లి వేళ్ళు వెన్ను వెంట పైకి పాకాయి. వీపు చల్లగా ఉంది... తడిబట్ట చల్లదనం కాదు. ఊపిరికి కదలాల్సిన వీపు కదలడం లేదు.

"గట్టిగా పెట్టమ్మా..." గుసగుస. "మళ్ళీ ఊడకూడదు."

పాపం, కంగారు పడుతోందనుకుని ఆఖరి హుక్కు పెట్టి భుజం తట్టింది. గౌను గరగర వేదిక వైపు పోలేదు. గోడ వైపు పోయింది.

అంతలో ఎవరో రొప్పుతూ వచ్చి పడ్డారు.

"గౌనేదీ? తొందరగా!" హీరోయిన్ గొంతు.

తల్లి చీకట్లోకి చేతులు చాచింది. తడుముకుని కూతురి చున్నీ అందుకుంది.

"వెళ్ళకే..."

"గౌను లేకపోతే నా పని అయిపోయినట్టే. వదులమ్మా."

చున్నీ చేతిలో మిగిలింది. పిల్ల లేదు.

సంగీతం సన్నబడుతోంది. గోడ వైపు నుంచి హుక్కులు విడుతున్న చప్పుడు. టిక్... టిక్... ఆపైన గుసగుసలు. ఎవరో అడుగుతున్నారు. ఎవరో చెబుతున్నారు.

పిల్ల తిరిగొచ్చింది, ఖాళీ గౌనుతో. హీరోయిన్‌కి తొడిగారు. ఆట ఆగలేదు. "రేపట్నుంచి నువ్వు మా మనిషివి," అన్నాడు సూపర్‌వైజరు.

ఆటోలో తల్లి కూతురి మణికట్టు వదల్లేదు.

"ఎలా ఇచ్చిందే?"

"అడిగితే ఇచ్చింది."

"ఊరికేనా?"

పిల్ల వానలోకి చూసింది.

"మీ ఇల్లెక్కడ అంది. చెప్తేగాని విప్పనంది... చెప్పాను."

"దానికి మన ఇల్లెందుకే!"

"హుక్కులు పెట్టినావిడ కావాలట."

ఇల్లు చేరారు. లోపలి గదిలో భర్త దగ్గు వినిపించింది. ఆమె తలుపు గడియ పెట్టింది. రెండోసారి లాగి చూసింది. ఆయన ఇంట్లోనే ఉన్నారు. పిల్ల వచ్చింది. తను వచ్చింది. ముగ్గురూ క్షేమం. హమ్మయ్య.

"ఏమే, ఎక్కడున్నావ్?" లోపల్నుంచి భర్త విసుక్కున్నాడు. "ఈ పిల్ల వెనక హుక్కు పెట్టమని కూర్చుంది. ఇవన్నీ నాకొచ్చేవేనా? నువ్వు రా."

కూతురి మణికట్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆమె మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. ఆయన... పిల్ల... తను...