కిటికీ బుట్టల్లో మూడు పిల్లులు

పాలవెల్లి రాజ్యానికి ఎలుకల వల్ల పీడ పట్టిందని అక్కడి జనం ఈనాటికీ చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. ఆ పీడకు కారణం కొఠారు అధికారి భైరవమూర్తి. రాజుగారి ధాన్యపు కొఠార్ల తాళంచెవులన్నీ మొలకు కట్టుకుని గల్లుగల్లుమంటూ తిరిగే పెద్దమనిషి ఆయన. ఒకనాడు ఆయన వెండి గిన్నెలో మీగడను ఒక పిల్లి నాకింది. అంతే! రాజ్యంలో ఉన్న పిల్లులన్నిటినీ గోనెసంచుల్లో కట్టించి, పాడుబడిన ఏనుగుల శాలలో పడేయించాడు. గిన్నె మీద మూత పెట్టుకుంటే సరిపోయేదని చెప్పడానికి ఒక్కడికీ నోరు రాలేదు. జీతం ఇచ్చేవాడి ముందు ఎవరికి వస్తుంది?

అడవిలో పిల్లులను కాచే యక్షిణి ఒకతె ఉంది. ఆ సంచుల్లోని ఏడుపు ఆమె చెవిన పడింది. "ఈ శాలలో ఉన్న ప్రతి పిల్లీ తనంతట తాను ఒకరి ఒడి చేరేదాకా మీ కొఠార్లలో గింజ నిలవదు" అని శపించింది. మర్నాటికి కొఠార్ల నిండా ఊక రంగు ఎలుకలు. కర్రతో కొడితే ఊకగా రాలిపోయేవి, చూస్తుండగానే మళ్లీ ఎలుకలై లేచేవి.

భైరవమూర్తి హడలిపోయి శాల తలుపులు తెరిపించాడు. జనం ఎగబడ్డారు. కాళ్లకు రాసుకునేవి, గురగురలాడేవి, పిల్లలతో ఆడేవి పది రోజుల్లో ఇళ్లకు చేరిపోయాయి. చివరికి మూడు మిగిలాయి. పిలిస్తే రావు. చెయ్యి చాపితే ఉండవు. ఏనుగులకు మేత వేసే రాతి తొట్టి వెనక నక్కి, మనిషి అలికిడైతే గోడలోకి దూరిపోదామన్నంతగా ముడుచుకుంటాయి. ఎవరైనా వాటిని బలవంతాన పట్టుకుపోయినా, సంచి విప్పగానే చూరులోకో గడ్డివాములోకో దూరి తిండి మానేసేవి. మూడేసి ఇళ్లు మారాక వాటిని అడిగేవాళ్లే లేకపోయారు. కొఠార్లలో ఇక విత్తనపు గింజలే మిగిలాయి. అవీ పోతే ఆ ఏడు సాగు లేదు.

నెపం వేయడానికి ఎవరో ఒకరు కావాలి కదా. భైరవమూర్తి మేదరి సన్యాసిని పిలిపించాడు. ఆ ఊళ్లో పిల్లిని కొత్త ఇంటికి తీసుకుపోవాలంటే సంచిలో మూతిబిగించి, ఆ సంచిని బుట్టలో పెట్టి మోసుకుపోతారు. దారి చూసిందంటే పిల్లి తిరిగొచ్చేస్తుందని వాళ్ల నమ్మకం. ఆ బుట్టలు అల్లేది సన్యాసే.

"ఓరి సన్యాసీ, నీ బుట్టల్లోనే ఏదో దోషం ఉందిరా. వచ్చే పున్నమి పొద్దు గుంకేలోగా ఈ మూడింటికీ ఇళ్లు చూపించు. లేదా వాగు ఒడ్డున నీ వెదురు తోపు నాది."

"బాబుగారూ, ఆ తోపు పోతే మాకు కూడెక్కడిది?"

"అది నన్నడుగుతావేంట్రా?" అని ఆయన తాళాలు సర్దుకున్నాడు.

పున్నమి తొమ్మిది రోజుల్లో ఉంది. సన్యాసి పాదంలో వెదురు పేడు దిగి, కాలు బూరెలా పొంగి ఉంది. నాలుగడుగులు వేయలేడు. అతనికి పన్నెండేళ్ల కూతురు పైడమ్మ ఒక్కతే. శాలకు బుట్టలు చేరవేసేటప్పుడల్లా ఆ పిల్ల తొట్టి దగ్గర నిలబడిపోయేది. ఇవి ఎందుకిలా ఉన్నాయి? దేనికి భయపడుతున్నాయి? అని ఆమెకు ఒకటే ఆరాటం.

"అయ్యా, నేను ఎల్తాను. శాపం అడవిలోంచి వచ్చింది గదా, వీటికి కావలసినవాళ్లు అక్కడే ఉంటారేమో."

"అడవిలో ఎవరుంటారే అమ్మీ? రాక్షసులుంటారు."

"రాక్షసుల ఇళ్లలో మాత్రం ఎలుకలుండవా ఏటి?"

సన్యాసికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కూతురి చేతికి వెదురు చీల్చే కత్తి ఇచ్చాడు.

పైడమ్మ కావడి ఎత్తుకుంది. రెండు బుట్టలు ముందు, రెండు వెనక. మూడింట్లో పిల్లులు: బూడిదరంగుది ఒకటి, తోక తెగిన చారలది ఒకటి, కాటుకలాంటి నల్లది ఒకటి. నాలుగో బుట్టలో అటుకులు, ఎండుచేపలు, దారిలో అల్లుకోవడానికి వెదురు బద్దలు. ఊరి ఆచారం ప్రకారం పిల్లుల్ని సంచుల్లోనే కట్టింది. ఆమెకూ అప్పటికి అంతకంటే తెలియదు.

రెండోనాడు కొండసందు దగ్గర దారి మూసుకుపోయింది. అడ్డంగా ఉన్నది కొండ కాదు, కూర్చున్న రాక్షసుడు.

"ఎవర్రా అది?" అన్నాడు. ఆ ఒక్క మాటకే పైనుంచి నాలుగు బండలు దొర్లాయి. వాడి పేరు ఉరుమడు.

"పైడమ్మను. మేదరి సన్యాసి కూతుర్ని. నీకు పిల్లి కావాలా?"

ఉరుమడు వంగి కావడి వంక చూశాడు. వాణ్ణి చూసి పారిపోయినవాళ్లున్నారు, మూర్ఛపోయినవాళ్లున్నారు. పిల్లి కావాలా అని అడిగినవాళ్లు మాత్రం లేరు.

"నా దగ్గర ఎవరుంటారు గుంటా? నోరు విప్పితే పక్షులు కూడా లేచిపోతాయి. మాట్లాడి నూరేళ్లయింది."

పైడమ్మ బూడిదపిల్లి సంచి విప్పింది. అది రివ్వున లేచి బండల నెర్రెలో దూరిపోయింది.

"చూశావా? నా గొంతు!" అని ఉరుమడు ఘొల్లుమన్నాడు. ఇంకో రెండు బండలు దొర్లాయి.

పైడమ్మ మాత్రం పిల్లినే చూస్తోంది. బండలు పడినా దాని చెవి కదలలేదు. ఆమె మెల్లగా నెర్రె వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టింది. అయినా కదలలేదు.

"ఉరుమన్నా, దీనికి చెవులు వినబడవు! ఇన్నాళ్లూ పిలిస్తే రాదని అందరూ తిట్టారు. పిలుపు అందితే గదా రావడానికి!"

"మరి పారిపోయిందేం?"

పైడమ్మ ఆలోచించింది. వినబడని జీవికి కళ్లే లోకం. ఆ కళ్లకు సంచి కట్టి, చీకట్లో రెండు రోజులు ఊపుకుంటూ తెచ్చి, ఎక్కడో ఒకచోట విప్పారు. ఎలా వచ్చిందో తెలియని చోట ఎవరు కుదురుగా ఉంటారు?

"తప్పు నాది. నువ్వు అది చూసేటట్టు ముందుకొచ్చి పడుకో. కదలకు. దాని కళ్లలోకి చూడకు."

అంతటి ఉరుమడూ బోర్లా పడుకుని గడ్డం నేలకు ఆనించాడు. అరచేతిలో ఎండుచేప పెట్టుకున్నాడు. చీమలు చెవిలో దూరినా ఓర్చుకున్నాడు. పొద్దు వాలే వేళకు బూడిదపిల్లి బయటికి వచ్చింది. చేప తింది. అరచేయి ఎక్కింది, భుజం ఎక్కింది, మెడ పక్కన ఒడిలోలాగా ఒదిగింది.

ఉరుమడు ఇక ఉండబట్టలేక, "అమ్మీ, ఇది వెచ్చగా ఉందే!" అనేశాడు. ఆ గొంతు అదురు మెడలోంచి పిల్లి ఒంట్లోకి పాకింది. పిల్లి కళ్లు మూసుకుని గురగురలాడింది.

"నేను మాట్లాడితే దీనికి బాగుందే!" అని ఉరుమడు నూరేళ్ల కబుర్లు అప్పుడే మొదలుపెట్టాడు. పైడమ్మ చెవుల్లో దూది పెట్టుకుని కావడి సర్దుకుంది. అంతకుముందు ఒక పని చేసింది. సంచులన్నీ పోగేసి కాల్చేసింది. మిగిలిన రెండు బుట్టలకూ కత్తితో బద్దలు కోసి, చుట్టూ అంచు అల్లి, చిన్న కిటికీలు పెట్టింది.

అక్కడినుంచి పిల్లులు దారి చూస్తూ వచ్చాయి. వాగు దాటేటప్పుడు చారలపిల్లి ముక్కు కిటికీలోంచి బయటికొచ్చింది. నల్లపిల్లివి రెండు పచ్చని కళ్లు మాత్రమే కనిపించేవి.

అయిదోనాడు ఒక ఆశ్రమం ఎదురైంది. పుట్ట మొలిచేంతకాలంగా పద్మాసనం వేసుకుని ఒక ముని కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఎలుకలు కొరికిన తాటాకులు.

"సామీ, పిల్లిని సాకుతారా?"

"నేను పిల్లిని పిలవను. పట్టుకోను. దాని వంక చూడను. నాకు తపస్సుంది. విసిగించక వెళ్లు" అన్నాడు ముని కళ్లు తెరవకుండానే.

పైడమ్మ ముఖం వెలిగిపోయింది. తోక తెగిన పిల్లికి చెయ్యంటేనే హడలు. ఎవడో చేతుల్తోనే కదా దాని తోక తెగ్గోశాడు. పిలవని, పట్టుకోని మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు?

"అలాగే సామీ, ఎల్లిపోతాను. కొంచెం నీడన కూర్చుని అటుకులు తిని ఎల్తాను" అని బుట్ట మూత తీసి, అటు తిరిగి కూర్చుంది.

చారలపిల్లి ఆ సాయంత్రం ఆశ్రమమంతా వాసన చూసింది. మర్నాడు పొద్దున ఒక ఎలుకను పట్టింది. మధ్యాహ్నానికి ముని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఆయన మడిచిన కాళ్ల మధ్య గుండ్రంగా చుట్టుకుని నిద్రపోయింది.

చాలాసేపటికి ముని ఒక కన్ను తెరిచాడు.

"అమ్మాయీ, ఇది లేచేదాకా నేను లేవకూడదా?"

"లేస్తే దానికి మెలకువ వచ్చేస్తుంది సామీ."

"ఊఁ. తపస్సుకు ఇదీ ఒక మార్గమే" అని ఆయన కన్ను మూసుకున్నాడు.

పైడమ్మ తేలికపడిన కావడితో నడిచింది. ఏడోనాటి పొద్దున అడవి చివరికి చేరింది. అక్కడ ఒక చింతకొమ్మ మీద మానుపిల్లి కూర్చుని ఉంది. యక్షిణికి అది కావలి.

"ముందుకు దారి లేదు పిల్లా. అడవి ఇక్కడితో సరి."

"మరి ఈ నల్లదాని ఇల్లెక్కడ?"

"నన్నడుగుతావేం? దాన్నే అడుగు."

పైడమ్మ మూత తీసింది. నల్లపిల్లి బయటికి రాలేదు. బుట్ట అడుగుకు అంటుకుపోయింది.

మానుపిల్లి తోక ఆడించింది. "అడ్డదారి చెప్తాను విను. ఇప్పుడే మూత బిగించి పరుగెత్తితే పున్నమి పొద్దు గుంకేలోగా ఊరు చేరతావు. ఎవరో ఒకరి ఒళ్లో దీన్ని అదిమిపట్టి మీ అధికారికి చూపించు. తోపు మిగులుతుంది."

"శాపం పోతుందా?"

"పోదు. తోపు మిగులుతుందన్నాను, అంతే."

పైడమ్మకు వాళ్లయ్య గుర్తొచ్చాడు. ఒక్కో వెదురునూ తట్టి, కన్నబిడ్డల్లా లెక్కపెట్టుకునే మనిషి. ఆమె చెయ్యి మూత మీదికి వెళ్లింది. కిటికీలోంచి రెండు కళ్లు ఆ చేతినే చూస్తున్నాయి. దారంతా ఆమె చూస్తే చాలు పక్కకు తిరిగిపోయేవి. మొదటిసారిగా ఆ కళ్లు పక్కకు తిరగలేదు. ఇప్పుడు దీన్ని అదిమి మోసుకుపోతే, ఇంకెప్పటికైనా ఎవరినైనా ఇలా చూస్తుందా?

పైడమ్మ మూతను దూరంగా పెట్టి, వీపు తిప్పి కూర్చుంది. వెదురు బద్దలు తీసి కొత్త బుట్ట మొదలుపెట్టింది.

ఆ రోజు గడిచింది. మర్నాడు కిటికీలోంచి ఒక నల్లని పంజా బయటికొచ్చి, వేలాడుతున్న బద్దను ఒక్కసారి తట్టి లోపలికి పోయింది. పైడమ్మ నవ్వు ఆపుకుంది గానీ వెనక్కి చూడలేదు. మూడోనాడు పున్నమి. పొద్దు వాలింది, ఎర్రబడింది, గుంకింది. తోపు పోయింది. సగం అల్లిన బుట్ట ఒళ్లో పెట్టుకుని ఆమె చప్పుడు లేకుండా ఏడ్చింది.

అప్పుడు ఆ బుట్ట బరువెక్కింది. చూస్తే అందులో నల్లపిల్లి. నాలుగు కాళ్లూ మడుచుకుని, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

"మూడు పిల్లులకు ఇళ్లు వెతికావు. ఎక్కేందుకు నీకూ ఒక ఒడి ఉందని తోచలేదా పిచ్చిపిల్లా?" అంది మానుపిల్లి.

అదే ఘడియలో పాలవెల్లి కొఠార్లలో ఎలుకలన్నీ ఊకగా రాలాయి. గాలి ఆ ఊకను ఊరి బయటికి ఊడ్చేసింది. ఈసారి మళ్లీ లేవలేదు. విత్తనపు గింజలు మిగిలాయి.

పైడమ్మ ఊరు చేరేసరికి వాగు ఒడ్డు బోసిగా ఉంది. భైరవమూర్తి పొద్దు గుంకిన మరుక్షణమే గొడ్డళ్లు దింపాడు. సన్యాసి ఒక వెదురు మోడు పక్కన కూర్చుని ఉన్నాడు.

"అయ్యా..."

"దానికి ఇల్లు దొరికిందా అమ్మీ?"

"మనిల్లే అయ్యా."

"మనింట్లో వెదురు పొట్టు తప్ప ఏటుందే?" అన్నాడు సన్యాసి. నల్లపిల్లి దిగి, అతని వాచిన కాలి వాసన చూసి, దాని పక్కనే కూలబడింది. "సర్లే, ఉండనీ. దీనికీ నాకూ నడక పడదు" అన్నాడు.

రాజుగారు సంగతంతా విని భైరవమూర్తి మొలకున్న తాళాలు విప్పించారు. రోజూ ఏనుగుల శాలకు చేరే దిక్కులేని పిల్లులకు ఆయనే తన వెండి గిన్నెలో మీగడ పెట్టాలని ఆజ్ఞ వేశారు. శాలకు పైడమ్మను అధికారిణిని చేశారు. ఆనాటినుంచి అక్కడ పిల్లి కావాలని వచ్చినవాళ్లు మూడు రోజులు వచ్చి ఊరికే కూర్చుని పోవాలి. నాలుగోనాడు పిల్లికి ఇష్టమైతే కిటికీ బుట్టలో, దారి చూపిస్తూ, నడిచి తీసుకుపోవాలి. అలా వెళ్లిన పిల్లి ఒక్కటీ పారిపోలేదు. కొండసందు దగ్గర ఇప్పటికీ కబుర్లు వినిపిస్తూనే ఉంటాయి. ముని మాత్రం ఇంకా లేవలేదు. చారలపిల్లి ఆయన ఒళ్లోనే నాలుగు పిల్లలను పెట్టింది.

అందరికీ అన్నీ బాగానే జరిగాయి. ఒక్క తోపు సంగతి తప్ప. భైరవమూర్తి దాన్ని ఆ రాత్రికి రాత్రే అల్లుడి పేర రాగిరేకు మీద రాయించి, రాజముద్ర వేయించుకున్నాడు. "నేను వేసిన ముద్రను నేనే చెరిపితే రేపు నన్నెవరు నమ్ముతారు?" అని రాజుగారు తల గోక్కున్నారు. శాలలో కూర్చుని బుట్టలల్లుతూ, ఒళ్లో నల్లపిల్లి కదిలినప్పుడల్లా చెయ్యి ఆపుతూ, సన్యాసి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ లెక్క చెప్పేవాడు: వాగు ఒడ్డున పదకొండు కుంటల నేల, అందులో నాలుగువందల ఇరవైమూడు వెదుళ్లు.