జబ్బు లేని మనిషి

శనివారం పొద్దున్నే లోపల ప్రమీల పులిహోర కలుపుతుంటే, వాకిట్లో ఆమె మొగుడు వీరబాబు తండ్రికి దగ్గు నేర్పుతున్నాడు.

"గట్ల కాదు నాయినా. దగ్గినంక ఛాతీ పట్టుకోవాలె. రెండడుగులేస్తే ఆయాసం రావాలె."

"అడవిల క్యాంపుకు పోతూ గూడ గిదేందిరా?" అన్నాడు ఆదినారాయణ.

"హాతీరాం కాక వస్తుండు గదా! వచ్చే వారమే మెడికల్ బోర్డు. యూనియన్ తరఫున నీ గురించి చెప్పేది ఆయనే. నువ్వు నిజంగ జబ్బుపడ్డవనే అనుకుంటుండు, పాపం."

ఆదినారాయణకు ఏ జబ్బూ లేదు. బొగ్గు గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. భుజాలు ఇంకా దిట్టంగానే ఉన్నాయి. కాని గని కార్మికుడు అన్‌ఫిట్ అని తేలితే ఆ నౌకరి కొడుక్కి వస్తుంది, మామూలుగా రిటైరైతే రాదు. ఆ ముక్క కాలనీలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకే చలికాలంలో ఆయన సెలవు పెట్టి మంచమెక్కాడు. ఎక్కించారనడమే న్యాయం. పరామర్శకు వచ్చినవాళ్ళు బత్తాయిలు తెస్తే, అవి తినలేక సిగ్గుతో చచ్చిపోయేవాడు.

పక్కింటి హాతీరాంవాళ్ళూ వీళ్ళూ, రెండు కుటుంబాలూ జీపులో భద్రాచలం దాటి, బీడీలకు తునికాకు ఆరబోసిన కల్లాల పక్కనుంచి అడవి అంచున గోదావరి ఒడ్డుకు చేరాయి. ఎండలకు నది చిక్కిపోయి ఇసుక తేలింది గాని, ఒడ్డు వారన ఒక మడుగు మాత్రం లోతుగానే ఉంది. హాతీరాం, వీరబాబు టార్పాలిన్ కట్టారు. దుంగలు నిలబెట్టడంలో చెయ్యి తిరిగిన ఆదినారాయణ, వాళ్ళు వంకరగా పాతిన గుంజలు చూస్తూ ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. ఒకసారి లేవబోతే కొడుకు గుడ్లురిమాడు.

"తాతా, నీళ్ళల్లకు రా!" నాలుగేళ్ళ మనవరాలు శ్రావణి చెయ్యి పట్టి లాగింది.

"తాతకు పానం బాగలేదు, పో అవతలికి" అన్నాడు వీరబాబు.

"అబద్ధం! ఇంట్ల నన్ను భుజాల మీద ఎక్కించుకుంటడు గదా!"

వీరబాబు, హాతీరాం విన్నాడేమోనని అటు చూసి, పిల్ల చెంప మీద ఒక్కటి వేశాడు. అది ఏడుస్తూ ఒంటరిగా ఒడ్డు వైపు పోయింది.

కోడికూర దించుతున్న ప్రమీల తల తిప్పేసరికి మడుగులో చిన్న చేతులు రెండు కొట్టుకుంటున్నాయి. కేక పెట్టింది. దగ్గరలో ఉన్నది మామే. ఆయన దిగ్గున సగం లేచాడు. లేచి, ఆగాడు. ఆగి, జీపు దగ్గరున్న కొడుకు ముఖం వైపు చూశాడు. ఆ తర్వాతే నీళ్ళలోకి దూకాడు.

పిల్లను బయటికి తెచ్చి, బోర్లా వేసి వీపు చరిచాడు. నీళ్ళు కక్కి అది గుక్కపట్టి ఏడ్చింది. వీరబాబు పరుగున వచ్చాడు. వచ్చి తండ్రి మీదికి వంగి, "కాక చూస్తుండు, జల్దీ కూలబడు. దగ్గు!" అన్నాడు.

ప్రమీల చెవిన పడనే పడింది. "ఏమయ్యా, బిడ్డకెట్లుందని అడగవా?"

"బతికే ఉంది గదా! ఇప్పుడు నా నౌకరి పోతే..."

"నీ నౌకరి మన్నుగాను! మామయ్య లేవబోయి నీ దిక్కు చూసిండు. లేవాల్నా వద్దా అని కండ్లతోటి నిన్ను అడిగిండు. బిడ్డ మునుగుతుంటే! గంత భయం పెట్టినవ్ కన్నతండ్రికి."

హాతీరాంకు సంగతంతా అర్థమైంది. మంచివాడు. పక్కింటి పిల్లాడి బతుకు చెడగొట్టడం ఇష్టం లేక, ఎటో చూస్తూ, "నేను టార్పాలిన్ ఎనకున్న. నాకేం కనపళ్ళే" అన్నాడు.

ఆ మాటకు వీరబాబు ముఖం ఒక్క క్షణం వెలిగింది. ప్రమీల అది కూడా చూసింది.

"నాకు కనపడ్డది తమ్మీ" అన్నాడు ఆదినారాయణ. "గనిల కప్పు కూలిన్నాడు గూడ నేను ఆలోచన చెయ్యలే. పక్కోన్ని గుంజి అవతలేసిన. ఇయ్యాల నా మనవరాలు మునుగుతుంటే ఆలోచన చేసిన." కొడుకు వైపు తిరిగాడు. "రోగిష్టోని లెక్క పండుమంటే పండిన్రా, నీ కోసం. పిరికోన్ని అయితనని అనుకోలే. సోమవారం డ్యూటీకి పోత."

అని, అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన తల్లి పోయిన నాడు కూడా ఆయన ఏడవగా వీరబాబు చూడలేదు. ఆరోగ్యంగా ఉన్న తండ్రికి ఏదో ఒక జబ్బు రాకూడదా అని తను ఎన్నిసార్లు కోరుకున్నాడో గుర్తొచ్చి, అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

"కాకా, మా నాయినకు ఏ రోగం లేదు. నేనే పండబెట్టిన" అన్నాడు. హాతీరాం అతని భుజం తట్టి అవతలికి వెళ్ళాడు.

వీరబాబు పిల్ల కోసం చేతులు చాచాడు. అది తాత మెడ ఇంకా గట్టిగా కరుచుకుంది. చాచిన చేతులతో ఇసుకలో కూలబడి, అప్పుడడిగాడు, "బిడ్డకెట్లుంది నాయినా?" అని.

ఆదినారాయణ రెండో చేత్తో కొడుకు తలను దగ్గరికి తీసుకున్నాడు. ప్రమీల మాత్రం ఆ రోజంతా మొగుడి ముఖం చూడలేదు.