స్టోర్‌రూమ్‌లో శవాసనం

డ్రైవింగ్ స్కూల్ మాస్టారు పొద్దున్నే హాల్లో చాప పరిచారంటే ఇంట్లో మిగతావాళ్లు మునివేళ్ల మీద నడవాలి. మిక్సీ వెయ్యకూడదు, కుర్చీ జరపకూడదు, తుమ్మొస్తే బాల్కనీలోకెళ్లి తుమ్ముకోవాలి. ఆయన మనశ్శాంతి కోసం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టేవాళ్లు. వీడియోలు చూసి నేర్చుకున్న యోగా కాబట్టి ఆయనకి సందేహాలంటూ ఏమీ లేవు.

ఆ రోజు మాత్రం ఒక సందేహం వచ్చింది.

"బుజ్జీ, మీ అమ్మేది?"

"స్టోర్‌రూమ్‌లో. మళ్లీ గడియ పెట్టుకుంది" అంది కూతురు, టీ కప్పుతో.

వారం రోజులుగా ఇదే వరస. గిన్నెలు కడగడం అవ్వగానే ఆవిడ స్టోర్‌రూమ్‌లో దూరి తలుపేసుకుంటోంది. మాస్టారు చాప మీంచి లేచి, పిల్లిలా వెళ్లి తలుపుకి చెవి ఆనించారు.

"చప్పుడే లేదు. వాళ్లక్కతో ఫోన్లో మాట్లాడుతోందేమో."

"అమ్మా పెద్దమ్మా మాట్లాడుకుంటే వీధి చివరికి వినిపిస్తుంది నాన్నా."

"అయితే దాచుకుని ఏదో తింటోంది."

"చప్పుడు కాకుండా ఏం తింటుంది?"

ఇది ఆలోచించాల్సిన విషయమే. తండ్రీకూతుళ్లు అక్కడే నిలబడి ఆలోచించారు. చివరికి మాస్టారు తలుపు కొట్టారు. కాసేపటికి ఆవిడ గడియ తీసింది. జుట్టు రేగి ఉంది. వెనకాల బియ్యం డబ్బాకీ పాత సూట్‌కేసుకీ మధ్య నేల మీద దుప్పటి పరిచి ఉంది.

"ఏం చేస్తున్నావోయ్?"

"శవాసనం."

మాస్టారు పడీపడీ నవ్వారు. "అది ఆసనాలన్నీ అయ్యాక చివర్లో వేసేది తల్లీ. బండి నడపకుండానే పార్కింగ్ చేస్తానంటే ఎలా?"

"పొద్దుట్నించీ నడుపుతూనే ఉన్నానుగా" అంది ఆవిడ.

కూతురు టీ కప్పులోకి చూస్తూ నవ్వాపుకుంది.

"అయినా పడుకోడానికి మంచం లేదా? ఈ బొద్దింకల మధ్య ఏంటి?"

"మంచం మీద పడుకుంటే తువ్వాలెక్కడ అంటారు. కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే కళ్లజోడెక్కడ అంటారు. బొద్దింకలు ఏమీ అడగవు."

ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే మాస్టారికి భయం వేసింది.

"మొన్న బీపీ చూసి, విశ్రాంతి తీసుకుంటున్నారా అని డాక్టరు నన్నడిగారు. మీరు జవాబు చెప్పారు. 'ఇంట్లోనే ఉంటుందండీ, విశ్రాంతికేం' అన్నారు. నిద్ర పట్టకపోతే ఎన్ని మాత్రలేసుకున్నా బీపీ దిగదని ఆయన అంటుంటే, మీరు నాకు శీర్షాసనం నేర్పిస్తానన్నారు."

మాస్టారు బియ్యం డబ్బా వైపు చూశారు. అది ఆయన పక్షాన ఏమీ మాట్లాడలేదు.

"బట్టలు కుట్టించుకోడానికొచ్చే యోగా టీచర్ని అడిగాను. ముందు ఒళ్లు వదిలెయ్యడం నేర్చుకోండి, కాలివేళ్ల దగ్గర్నించి ఒక్కొక్కటే వదులుకుంటూ రండి అంది. కాళ్లు వదులుతున్నాయి, నడుం వదులుతోంది. చెవులే వదలట్లేదు."

"చెవులా? పడుకోడంలో అంత కష్టమేముందోయ్? చూడు నన్ను" అంటూ మాస్టారు దుప్పటి మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నారు. తల్లీకూతుళ్లు గడప మీద కూర్చుని చూస్తున్నారు.

బాగానే ఉంది. తర్వాత ఎక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.

"ట్యాంకు నిండినట్టుంది" అన్నారు కళ్లు మూసుకునే.

"నిండనివ్వండి."

"నీళ్లు పోతున్నాయోయ్."

"పోనివ్వండి. ఊపిరి మీద ధ్యాస పెట్టండి."

కుక్కర్ కూత వేసింది. ఎన్నో కూతో ఆయనకి తెలీదు. కింద గేటు చప్పుడైంది. మాస్టారు దిగ్గున లేచి కూర్చున్నారు.

"అది కాదూ, నేనిలా పడుకుంటే అవన్నీ ఎవరు చూస్తారు?"

అనేశాక గానీ ఆ మాట ఆయనకే సరిగ్గా వినపడలేదు. కూతురు లేచి వెళ్లి మోటారు ఆపింది. మాస్టారు లేచి దుప్పటి ముడతలు సరిచేశారు.

"పడుకో. గడియ పెట్టుకోకు. నేను బయట ఉంటాను."

వంటింట్లో స్టవ్వు ఆపేసి, స్టోర్‌రూమ్ తలుపు ముందు స్టూలు వేసుకు కూర్చున్నారు. బట్టల కోసం ఒకావిడ వస్తే, బెల్లు కొట్టేలోపే పరిగెత్తి తలుపు తీశారు.

"ఆవిడ పనిలో ఉన్నారండీ."

"ఏం పని?"

"పడుకునే పని. సాయంత్రం రండి."

మళ్లీ వచ్చి కూర్చున్నారు. చాలాసేపటికి సన్నగా ఏదో గరగరమని వినిపించింది. ఆయన లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్లి విన్నారు. ఫ్రిజ్ కాదు.

"నాన్నా, అది అమ్మ గురక" అంది కూతురు. "అమ్మ గురక పెడుతుందా?"

మాస్టారు ఫ్రిజ్ దగ్గర్నించి తలుపు దగ్గరికొచ్చారు. రాత్రిళ్లు ఆయన నిద్రపోయేదాకా ఆవిడ పడుకోదు. పొద్దున ఆయన లేచేసరికి ఆవిడ లేచే ఉంటుంది.

"ఏమోనమ్మా" అన్నారు చివరికి. "పెళ్లయిన ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి వినడం."

"లేపనా? శవాసనంలో నిద్రపోకూడదంటారుగా."

"లేపావంటే ఊరుకోను" అన్నారు మాస్టారు. భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, తలుపుకి తల ఆనించి, ఆ గురకని వింటూ కూర్చున్నారు.