గుప్పిట్లో కలకండ

నాంపల్లి స్టేషను ఎదుట గోలీసోడాలు అమ్మే సాయన్నకు ఊరికే నడిచి రావడం చేతకాదు. పొద్దున్నే అక్క ఇంటికి బయలుదేరినా సరే, గల్లీ మొదట్లో మేకను బెదరగొట్టాలి, అరుగు మీద కునికే ముసలాయనకు సర్కారు పింఛను పెంచిందని చెప్పి లేపి కూర్చోబెట్టాలి, అప్పుడుగానీ గడప తొక్కడు. నలభై దగ్గరపడుతున్నా అంతే. చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ అల్లరి ఆగలేదు.

ఆ రోజు గల్లీలోకి తిరగగానే శంకరమ్మ గొంతు వినబడింది.

"ఏందక్కా, పొద్దుగాల్నే గింత లొల్లి? రేడియోల గూడ గింత గట్టిగ రాదు," అంటూ లోపలికి వచ్చాడు.

అక్క నవ్వలేదు. కోడలు నళిని గోడకు ఆనుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"నువ్వు జర ఆగు సాయన్నా. ఇంట్ల తీపి కనబడొద్దని దీనికి ఎన్నిసార్లు జెప్పిన? పండుగకు గూడ పాయసం ఒండకపోతి. మామ మీద పావురం పొంగుకొచ్చినట్టు దొంగతనంగ తినబెడుతున్నది."

"నేను పెట్టలే అత్తమ్మా. నీ మీద ఒట్టు."

"పెట్టకుంటె చీమలు యాడికెళ్లి వచ్చినయే? మంచంకోడు కాడికెళ్లి ఆయన చెయ్యిదాక బారు గట్టినయి."

చీమలు అన్న మాట వినగానే, సాయన్న నాలిక చివర సిద్ధంగా ఉన్న ఇంకో వేళాకోళం అక్కడే ఎండిపోయింది.

బావ రామచందర్ ఆబిడ్స్‌లో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, ఏ అక్షరమైనా ఆయన కుంచె కింద పడితే పెళ్లికొడుకులా ముస్తాబయ్యేది. చక్కెర బీమారి ఎప్పటినుంచో ఉంది. పని ధ్యాసలో పడి దాన్ని లెక్కచేయలేదు. నిరుడు వానాకాలం ఒక బట్టల దుకాణం ముందు నిలబడి రాస్తూ రాస్తూ కుంచె వదిలేసి కూలబడ్డాడు. కుడిపక్క చచ్చుబడింది. మాట పోయింది. కుడిచెయ్యి గుప్పిట బిగుసుకుపోయింది, గిల్లినా తెలియదు. అప్పటినుంచీ రోజూ కంపౌండరు వచ్చి సూది వేసి పోతున్నాడు. సీమలో యుద్ధం నడిచే లడాయి రోజులు కావడంతో ఆ మందు దొరకడమే గగనమైంది.

"వేళ్లు రోజూ తెరిచి మూసి కదిలించండి, ఆశ వదలకండి," అని డాక్టరు చెప్పిన మాట సాయన్న గట్టిగా పట్టుకున్నాడు. అతనికి తన పద్ధతిలో ఒక ఉపాయం తోచింది. 

అక్క పెళ్లినాడు సాయన్న చిన్నపిల్లవాడు. అక్కను తీసుకుపోతున్నారని బండి చక్రం పట్టుకుని ఏడుస్తుంటే, పెళ్లికొడుకు కిందికి దిగి రెండు గుప్పిళ్లు చాచాడు. "ఏ గుప్పిట్ల ఉన్నదో జెప్పు." సాయన్న ఏడుపు ఆపి కుడిచేతిని తాకాడు. అందులో కలకండ ముక్క ఉంది. ఆ తరువాత బావ ఎప్పుడు వచ్చినా ఆ ఆటే. సాయన్న పెద్దవాడయ్యాక సోడాకొట్టు దగ్గర పిల్లలతో ఆడేవాడు. తేడా ఒకటే: సాయన్న రెండు గుప్పిళ్లూ ఖాళీగా ఉంచి పిల్లల మొహాలు చూసి నవ్వేవాడు.

సాయన్న మంచం దగ్గరికి వెళ్లాడు. నళిని ఆయన కుడిచేతిని కడిగి తుడిచింది గానీ, వేళ్ల సందులన్నీ పచ్చిపుండై ఉన్నాయి. చెయ్యి వాచి మెరుస్తోంది. రామచందర్ బావమరిదిని చూసి, ఏమీ కానట్టు ఎడమవైపు పెదవి కదిపాడు. ఆ సగం నవ్వు చూశాక సాయన్న నిలవలేకపోయాడు.

"నళినిని ఏమనకు అక్కా. కలకండ నేనే పెట్టిన."

"ఏందీ?"

"నోట్ల గాదు, గుప్పిట్ల. తీపి మీద ఆశతోనన్న వేళ్లు తెరుస్తడేమో అని. రోజు మాపున పొయ్యేటప్పుడు మళ్ల నేనే తీసుకుంటుంటి. నిన్న రైలొచ్చింది, గిరాకి పోతదని ఉరికిన. యాది మరిచిన."

శంకరమ్మ గొంతులో ఇందాకటి అరుపు లేదు.

"రాత్రంత చీమలు పీక్కతిన్నయి సాయన్నా. పక్కనే పండుకున్న, నాకెర్క లేదు. ఆయనకు గూడ ఎర్క లేదు. నొప్పని ఏడ్వనీకి గూడ లేకపాయె ఆయనకు." తలుపు వైపు చూపించింది. "ఆయన పానంతోని గూడ ఆటలాడితివి. ఇగ నా గడప తొక్కకు."

పుండు మానలేదు. పసుపు పెట్టారు, మందు పూశారు. చిటికెనవేలు నల్లబడితే దవాఖానకు తీసుకుపోయారు. 

"చక్కెర ఉన్న ఒంట్లో పుండు తొందరగా మానదు. పక్షవాతం వచ్చిన చెయ్యి కాబట్టి దెబ్బ తగిలినా ఆయనకు తెలియదు. ఇలాంటివాళ్ల చేతులూ కాళ్లూ మీరే చూస్తుండాలమ్మా," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు వేళ్లు తీయకపోతే చెయ్యి పోతుంది. ఆపైన మనిషి."

చిటికెనవేలు, దాని పక్కవేలు తీసేశారు. కుంచె పట్టే వేళ్లు మిగిలాయి, పట్టే సత్తువ లేదు. దవాఖాన గేటు బయట కూర్చున్న సాయన్నకు ఆ సంగతి నళిని వచ్చి చెప్పింది.

"అత్తమ్మ లోపటికి రమ్మన్నదా బిడ్డా?"

నళిని తల దించుకుంది. సాయన్న లేచి దుమ్ము దులుపుకున్నాడు.

ఆ తరువాత సోడాకొట్టు దగ్గర నవ్వు వినబడలేదు. "గుప్పిట పట్టు మామా" అని పిల్లలు వస్తే, చేతులు తడిగా ఉన్నాయనేవాడు. రోజూ అక్క ఇంటి అరుగు మీద ఒక సోడాబుడ్డి పెట్టి, తలుపు తట్టకుండా తిరిగిపోయేవాడు.

ఒక సాయంత్రం శంకరమ్మే కొట్టు దగ్గరికి వచ్చింది. సాయన్న తత్తరపడి స్టూలు తుడిచాడు.

"సోడా కొట్టాల్నా అక్కా?"

"సోడాకు రాలే. ఇంటికి పోదాం నడువు."

"నువ్వే రావద్దంటివి."

"నేనన్న. ఆయన అనలే. దీపం పెట్టె యాల్లకు నువ్వొస్తవని తలుపు దిక్కే జూసుకుంట కూసుంటడు. బువ్వ ముడుతలేడు, సల్ల గూడ తాగుతలేడు. తినకుంటె ఆ సూదిమందు ఇంకో ఆపద తెస్తదట." కొంగు సరిచేసుకుంది. "నాకు నీ మీద కోపం పోలే సాయన్నా. పోకుంటె పాయె. ఆయన కోసం రా."

గడప దగ్గర సాయన్న కాళ్లతోపాటు చేతులూ కడుక్కున్నాడు. ఎవరూ అడగకుండానే రెండు అరచేతులు తిప్పి అక్కకు చూపించాడు. శంకరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

రామచందర్ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. సాయన్నను చూడగానే ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. మిగిలిన వేళ్ల సందున ఏదో దూర్చినట్టు చేసి, ఎడమ గుప్పిట కూడా మూసి, రెండూ ముందుకు జరిపాడు.

"వద్దు బావా. ఈ ఆట నాతోని గాదు."

"ఊఁ," అన్నాడు రామచందర్. మళ్లీ అన్నాడు. 

సాయన్న కుడిచేతిని తాకాడు. ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పాడు. ఏమీ లేదు. అప్పుడు రామచందర్ ఎడమ గుప్పిట తనే విప్పాడు. అందులోనూ ఏమీ లేదు. ఆయన ఎడమవైపు పెదవి పైకి లేచింది. గొంతులోంచి గరగరమని నవ్వు వచ్చింది.

తలుపు దగ్గర శంకరమ్మ, ఎన్నాళ్లకో, నవ్వింది. నవ్వుతూనే నళిని భుజం పట్టుకుని, "నిన్ను ఉత్తగనే అంటినే బిడ్డా," అంది.

"పెండ్లినాటికెళ్లి ఒక్కసారి గూడ రెండు గుప్పిట్లు ఖాళిగ జూపకపోతివి గద బావా," అన్నాడు సాయన్న. "గీ దొంగాట నా కాడ్నే నేర్సినవా?"

నవ్వబోయాడు, కుదరలేదు. ఆ కుడిచేతిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. 

ఆ చేతికి తడి తెలియదు. రామచందర్ మాత్రం రెండో చేత్తో బావమరిది తల నిమురుతూ కూర్చున్నాడు, బండి చక్రం దగ్గర ఏడ్చిన పిల్లవాణ్ని నిమిరినట్టు.